ఏడాది ఆగడమా, చేరి మారడమా?



పోటీ పరీక్షల ఫలితాలు వెలువడే రోజుల్లో మన ఇళ్లలో తరచుగా వినిపించే చర్చ ఒకటుంది. ర్యాంకు వచ్చింది, కాని కోరుకున్న కళాశాలకు చాలలేదు. ఏడాది ఆగి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరాలా? లేక దొరికిన సీటులో చేరి, తరువాత కోరుకున్న చోటికి మారాలా? ఆలోచించుకోవడానికి ఉండే గడువు కొద్ది రోజులే. దాని ఫలితం మాత్రం నాలుగైదేళ్లు వెంట ఉంటుంది. అందుచేత ఈ ప్రశ్నను విడదీసి చూద్దాం.

ముందుగా 'మారడం' అనే మాటకు అర్థం తెలుసుకోవాలి. అమెరికాలో ఉన్న బంధువులు "ముందు ఎక్కడో ఒకచోట చేర్చండి, తరువాత ట్రాన్స్‌ఫర్ చేయించుకోవచ్చు" అని సలహా ఇస్తూ ఉంటారు. వారి అనుభవం అక్కడ నిజమే. కాలిఫోర్నియాలో రెండేళ్లు కమ్యూనిటీ కళాశాలలో చదివి, ఆ క్రెడిట్లతో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మూడో ఏట చేరేవారు చాలామంది. మన దేశంలో పరిస్థితి వేరు. ఐఐటీ బీటెక్‌లో ప్రవేశం సాధారణంగా జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా, అదీ మొదటి సంవత్సరంలోకే. ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే వీలు డిప్లొమా వంటి అర్హత ఉన్నవారి కోసం ఏర్పడినది. ఒక చోటి క్రెడిట్లు మరొక చోట ఉపయోగపడేందుకు యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. అయితే క్రెడిట్లు దాచుకున్నంత మాత్రాన సీటు రాదు; చేర్చుకునే సంస్థ అంగీకరించాలి. కాబట్టి మన దగ్గర మారడమంటే చాలా సందర్భాల్లో మళ్లీ పరీక్ష రాసి మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టడమే. అంటే చేరి మారినా ఏడాది పోతుంది, ఆగినా ఏడాది పోతుంది.

ఇక 'ఆగడం' సంగతి. పాశ్చాత్య దేశాల్లో విరామ సంవత్సరం తీసుకునే విద్యార్థులు అనేకులు ముందే సీటు సంపాదించి, విశ్వవిద్యాలయం అనుమతితో చేరికను వాయిదా వేసుకుంటారు. మన విద్యార్థి చేతిలో సీటు లేకుండా ఆగుతాడు. ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టుకుని పోల్చుకోవడం సరికాదు.

పరీక్షల నియమాలు కూడా ఈ నిర్ణయాన్ని శాసిస్తాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయవచ్చు. 2024 నవంబరులో దీనిని మూడుసార్లుగా ప్రకటించి, రెండు వారాలు తిరగకుండానే ఉపసంహరించారు. ఆ ప్రకటనను నమ్మి కళాశాల మానేసిన విద్యార్థులు సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. 2025 జనవరిలో వారికి ఊరట లభించింది. ప్రకటన చూసిన వెంటనే ఉన్న సీటు వదులుకోరాదని ఈ ఉదంతం చెబుతోంది. మరొక నియమం: ఐఐటీలో ఏదో ఒక బ్రాంచిలో చేరినవారు మళ్లీ అడ్వాన్స్‌డ్ రాయడానికి అనర్హులు. ఎన్‌ఐటీలోనో, ఇతర కళాశాలలోనో చేరినవారికి ఆ అడ్డు లేదు. నీట్‌కు ప్రయత్నాల సంఖ్య మీద పరిమితి లేదు. గరిష్ఠ వయోపరిమితిని కూడా 2022లో తొలగించారు. ఇది వరమే, కాని ఆగడానికి హద్దు లేనందువల్ల రెండేళ్లు, మూడేళ్లు అలాగే గడిచిపోయే ప్రమాదమూ ఉంది. హద్దు మనమే గీసుకోవాలి. ఏ పరీక్షకైనా ఆ ఏటి సమాచార పత్రాన్ని స్వయంగా చదవండి.

ఇప్పుడు కాగితం తీసుకుని నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఒకటి, ర్యాంకు ఎందుకు తగ్గింది? అనారోగ్యమో, సమయం చాలకపోవడమో, ఒక సబ్జెక్టులో అభ్యాసలోపమో అయితే ఏడాది శ్రమ దానిని సరిదిద్దవచ్చు. రెండేళ్లూ శ్రద్ధగా చదివినా పాఠమే పట్టుబడకపోతే, అదే పాఠాన్ని అదే పద్ధతిలో మూడో ఏడూ వినడంవల్ల ప్రయోజనం తక్కువ.

రెండు, మీ కల కళాశాలా, చదువా? కంప్యూటర్ సైన్స్ కావాలనుకుంటే అది మంచి బోధన ఉన్న ఇతర కళాశాలల్లోనూ దొరుకుతుంది. ఐఐటీ పేరే కావాలనుకుంటే, బీటెక్ తరువాత గేట్ ద్వారా ఎంటెక్‌కు, డిగ్రీ తరువాత జామ్ ద్వారా ఎమ్మెస్సీకి వెళ్లే దారులున్నాయి. ఐఐటీ మద్రాసు 2021 నుంచి జేఈఈతో నిమిత్తం లేకుండా డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ బీఎస్ కోర్సు నడుపుతోంది. రెండు డిగ్రీలు ఏకకాలంలో చదవడానికి యూజీసీ 2022లో వీలు కల్పించింది.

మూడు, ఇంటి ఆర్థిక స్థితి. కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు మాత్రమే కాదు, సంపాదన ఏడాది వెనక్కి జరగడం కూడా ఖర్చే. అప్పు చేసి చదివించే ఇంట్లో ఆ బరువు పిల్లవాడి మనసు మీదే పడుతుంది. కోచింగ్‌లో చేరితే ఫీజు వాపసు షరతులు రాతపూర్వకంగా తీసుకోండి. మధ్యలో మానేసినవారికి మిగిలిన కాలానికి తగిన సొమ్ము పది రోజుల్లో తిరిగివ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాలు సూచించాయి.

నాలుగు, ఈ కోరిక ఎవరిది? "నాన్న ఆగమన్నారు" అనేది జవాబు కాదు. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. అబ్బాయికైతే ఏడాది ఆగే అవకాశమిచ్చి, అమ్మాయి విషయం వచ్చేసరికి "ఆగితే సంబంధాలు చూద్దాం" అనడం న్యాయం కాదు. కొలబద్ద ఇద్దరికీ ఒకటే ఉండాలి.

నాలుగింటికీ అనుకూలమైన జవాబు వస్తే ధైర్యంగా ఆగండి. డిసెంబరు నాటి నమూనా పరీక్షల్లో ఎదుగుదల కనిపించకపోతే ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి. సందేహం ఉంటే దొరికిన సీటులో చేరి, మనసుపెట్టి చదువుతూ, అర్హత ఉంటే మరొకసారి పరీక్ష రాయండి. అసలు సర్టిఫికెట్లను ఉన్నత విద్యాసంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018లో స్పష్టం చేసింది. పరిశీలన కాగానే తిరిగి తీసుకోండి.

ఏ దారి పట్టినా పిల్లలు ఒంటరితనానికి లోనైతే మాట్లాడనివ్వండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ ద్వారా ఉచితంగా, తెలుగులో కూడా సలహా లభిస్తుంది. ఏడాది పోయిందని పదేళ్ల తరువాత ఎవరూ లెక్కపెట్టరు. ఆ ఏడాదిలో ఏం నేర్చుకున్నామన్నదే వెంట వస్తుంది.