మంత్రసాని విద్య, సహజ ప్రసవము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



స్త్రీకి కాన్పు పునర్జన్మ యను మాట వినబడని యిల్లు తెలుగునాట లేదు. ఆ మాటలోని భయము కల్పితము కాదు. 1946లో భోర్ సంఘము సమర్పించిన నివేదిక ననుసరించి, ఆనాడు దేశములో వేయి సజీవ జననములకు సుమారు 20 మంది తల్లులు మరణించుచుండిరి. అనగా లక్షకు రెండువేలమంది. 2018-20 సంవత్సరముల లెక్కలలో ఆ సంఖ్య లక్షకు 97. తెలంగాణములో 43, ఆంధ్రప్రదేశములో 45. ఆసుపత్రి, రక్తనిధి, శస్త్రచికిత్స, మంచి మందులు, త్వరితగతిని వచ్చు వాహనము, ఇవి యన్నియు కలిసి చేసిన మేలిది. దీనిని మరచి పాతకాలమే మంచిదనుట కృతఘ్నత యగును. అయినను ఇంతటి మేలు వచ్చుచుండగా వెనుక ఒకటి జారిపోయినది. నొప్పులు పడు స్త్రీ ప్రక్కన తొలినుండి తుదివరకు కూర్చుండు మనిషి కానరాకుండ పోయినది. ఆ మనిషి నేర్వవలసిన విద్యయే నేటి ప్రసంగ విషయము.

పూర్వము గ్రామములలో కాన్పులు మంత్రసాని చేతిమీదుగా జరిగెడివి. ఆమెకు అక్షరము రాకున్నను అనుభవము మెండు. వచ్చినవి దొంగనొప్పులో నిజమైన నొప్పులో చూపుతోనే పోల్చెడిది. చూలాలిని మెల్లగా నడిపించుట, నడుము రాయుట, గంజియో పాలో త్రాగించుట, ఏడ్చినపుడు కసరక ఊరడించుట ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. తొలికాన్పునకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచునకు ఆమె పరాయిది కాదు. పెక్కు చోట్ల ఆ ఆడపడుచునకే బొడ్డు కోసిన చేయి యది.

కాని ఆ చేయి శుభ్రముగా నుండెనా? కొడవలితో బొడ్డు కోయుట, కోసినచోట బూడిద పెట్టుట, గాలి వెలుతురు లేని మూలగదిలో బాలింతను ఉంచుట, ముర్రుపాలు పిండి పారబోయుట అప్పటి ఆచారములు. బొడ్డు ద్వారా ప్రవేశించిన ధనుర్వాతము లెక్కకందని పసికందులను పొట్టబెట్టుకొన్నది. గర్భిణులకు టీకాలు వేయుటయు, శుభ్రమైన బ్లేడుతో బొడ్డు కోయుటయు వ్యాపించిన పిమ్మట, తల్లులకును శిశువులకును వచ్చు ధనుర్వాతమును నిర్మూలించిన దేశముగా భారతదేశము 2015లో గుర్తింపు పొందినది.

ఈ దోషమును మంత్రసాని మీదనే మోపుట న్యాయము కాదు. చాలచోట్ల ఆమె తక్కువగా చూడబడిన కులములకు చెందినది. బిడ్డను పట్టుటకు ఆ చేయి కావలెను. పట్టిన తరువాత అదే చేయి మైలయని దూరముగా నుంచిరి. గౌరవము లేని వృత్తికి చదువు ఎట్లు వచ్చును? 1903లో కర్జన్ ప్రభువు భార్య విక్టోరియా స్మారక నిధిని నెలకొల్పి మంత్రసానులకు శిక్షణ నిప్పింప మొదలిడిరి. స్వాతంత్ర్యానంతరము కూడ అట్టి శిక్షణలు జరిగినవి. అయినను కొన్ని దినముల పాఠము ఒక తరపు అలవాటును మార్చుటకు చాలలేదు.

చేతి శుభ్రత విషయమున చదువుకొన్నవారు మాత్రము మొదటినుండి మేలుగా ఉండిరని తలపరాదు. 19వ శతాబ్ది మధ్యమున వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు పురిటి విభాగములుండెను. ఒకదానిలో వైద్యులును వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును కాన్పులు చేయుచుండిరి. 1846లో వైద్యుల విభాగమున నూటికి 11 మందికి పైగా తల్లులు పురిటిజ్వరముతో మరణింపగా, మంత్రసానుల విభాగమున మరణములు నూటికి మూడింటికి లోపే. వైద్యులు శవపరీక్ష గదినుండి తిన్నగా పురిటిగదికి వచ్చుటయే దీనికి కారణమని సెమ్మెల్వైస్ అను వైద్యుడు గ్రహించెను. 1847లో సున్నపు క్లోరిను నీటితో చేతులు కడుగుకొనవలెనని అతడు నియమము విధింపగా, కొలది నెలలలోనే మరణములు నూటికి ఒకటి రెండింటికి దిగినవి. బిరుదులున్న చేయి మంచిది, లేని చేయి చెడ్డది యను భేదము ఇందులో లేదు. శుభ్రమైన చేయియే తల్లికి రక్ష.

ఇక ప్రసవము జరుగు తీరు తెలిసికొనవలెను. ఇందు మూడు దశలు కలవు. మొదటిది గర్భాశయ ముఖము పది సెంటీమీటర్ల వరకు విప్పారుట. రెండవది బిడ్డ వెలికివచ్చుట. మూడవది మాయ పడుట. నొప్పులను నడపునది ఆక్సిటోసిన్ అను రసము. నెమ్మదియు, మసక వెలుతురును, తెలిసిన ముఖమును ఉన్నచోట అది చక్కగా ఊరును. భయము కలిగినపుడు శరీరము వేరొక రసమును వెలువరించి దానిని అణచివేయును. కసురుపాటు వినిన వెంటనే నొప్పులు మందగించుట పెద్దముత్తైదువలు ఎరిగిన సంగతియే. దాని కారణమును శాస్త్రము నేడు చెప్పుచున్నది. తొలిచూలున విప్పారుట వేగమందుకొన్న పిమ్మటను పండ్రెండు గంటల వరకు పట్టవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తెలిపినది. గంటకొక సెంటీమీటరు చొప్పున విప్పారి తీరవలెనని అందరిని తొందరపెట్టరాదనియు ఆ సంస్థయే హెచ్చరించినది.

అట్టి వేళ మంత్రసాని చేయు పని పైకి పని వలె కనబడదు. స్త్రీని వెల్లకిల పడుకొనబెట్టక నడవనిచ్చును. కూర్చుండుటో, ఒత్తిగిలుటో, మోకాళ్లపై వంగుటో ఆమె కోరినట్లు కానిచ్చును. నీరు త్రాగించును. నడుము ఒత్తును. పదిహేను నిమిషములకో అరగంటకో ఒకసారి బిడ్డ గుండె చప్పుడు వినును. అది నిమిషమునకు 110కి తగ్గినను, 160కి మించినను మెలకువ వహించును. బిడ్డ పుట్టిన వెంటనే బొడ్డు బిగింపక కనీసమొక నిమిషమాగి, మాయలోని రక్తము బిడ్డకు చేరనిచ్చును. తల్లి రొమ్ముపై బిడ్డనుంచి గంటలోపల ముర్రుపాలు పట్టించును. రక్తస్రావము నాపుటకు సూదిమందు నిచ్చును. పదిహేను వేలకు పైగా స్త్రీలను గూర్చిన 26 పరిశోధనలను 2017లో సమీక్షింపగా, తోడు విడువని మనిషి ఉన్న స్త్రీలకు సహజ ప్రసవములు ఎక్కువయనియు, శస్త్రచికిత్సలు తక్కువయనియు, నొప్పుల కాలము కొంత తగ్గుననియు తేలినది.

మంత్రసానితనమునకు ఒప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలసినదే యని సామెత. నేటి మంత్రసాని ఈ సామెతను సగము విడువవలెను. అన్నిటిని తానే పట్టుట కాదు, దేనిని పట్టరాదో తెలియుట ఆమె విద్యలో సగము. రక్తపోటు 140/90 చేరుట, తలనొప్పి, కన్నులు మసకబారుట, మూర్ఛ, అధిక రక్తస్రావము, ఉమ్మనీరు పచ్చబారుట, బిడ్డ కదలిక తగ్గుట, వీనిలో ఏది కనబడినను క్షణమాలస్యము చేయక వైద్యునికి అప్పగింపవలెను. అప్పుడు శస్త్రచికిత్స ప్రాణదాత. దానిని నిందించువారు సహజ ప్రసవమునకు మిత్రులు కారు.

అవసరము లేనిచోట అదే కత్తి పడుటయే నేటి చిక్కు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమున నూటికి 21.5 కాన్పులు శస్త్రచికిత్సతో జరుగగా, ఆంధ్రప్రదేశములో 42.4, తెలంగాణములో 60.7 అట్లు జరిగినవి. తెలంగాణములోని ప్రయివేటు ఆసుపత్రులలో నూటికి 80కి పైబడినవి. ఇందరు తల్లుల శరీరములు ప్రకృతి తప్పినవని నమ్మవలెనా? నొప్పికి జంకుట, తోడు లేమి, ఆసుపత్రి తొందర, ముహూర్తము కుదుర్చుకొని బిడ్డను కనవలెనను వెర్రి, ఇవి యన్నియు ఇందు కలిసియున్నవి. గర్భాశయముపై పడిన గాటు ఒక్క కాన్పుతో పోదు. తరువాతి చూలులో మాయ ఆ మచ్చపై అతుకుకొనుట, గాటు విచ్చుట వంటి ఆపదలు కలుగవచ్చును.

ఈ స్థితిని గమనించి తెలంగాణ ప్రభుత్వము 2017లో హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ సంస్థల సహకారముతో కరీంనగరమున నర్సులకు పదునెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ నారంభించెను. 2018లో కేంద్ర ప్రభుత్వమును దేశమంతటికిని మార్గదర్శక సూత్రములు ప్రకటించెను. పాత మంత్రసాని ఓర్పును కొత్త నర్సు చదువును ఒక్కచోట చేర్చుటయే దీని పరమార్థము.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయును. ఇల్లు చేయవలసినది ఇల్లే చేయవలెను. గర్భిణికి ఆకుకూర, పప్పు, ఇనుపమాత్రలు తప్పక అందవలెను. రక్తపోటు, రక్తము పరీక్షింపబడవలెను. పురిటికి వెళ్లునపుడు ఎవరు తోడుండెదరో ముందుగా నిర్ణయింపవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు వేళ తోడుగా ఒక స్త్రీ నుండనిమ్మని కేంద్రము 2016లోనే సూచించినది. కోత అవసరమని చెప్పినపుడు, ఏ కారణమున అవసరమో వినయముగా అడుగుట తప్పు కాదు. కారణము తెలిసిన పిమ్మట జాగు చేయుట తప్పు. ముహూర్తము బిడ్డ నిర్ణయింపవలసినది, పెద్దలు కాదు.

ఈ గ్రంథాలయమునకు వచ్చు యువకులు పురుడు ఆడవారి సంగతి యని ఈ పుటలను త్రిప్పివేయరాదు. రాత్రివేళ వాహనము పిలుచువాడు, రక్తమిచ్చువాడు, భార్య భయమును చులుకన చేయక చేయి పట్టుకొనువాడు పురుషుడే. స్త్రీ ఒంటరిగా నొప్పులు పడు గదిలోనికి ధైర్యమును, శుభ్రమైన చేతిని, సరియైన సమయమున వైద్యుని పంపగలిగిన గ్రామము విద్యావంతమైన గ్రామము. రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయము ఆ విద్యను ఇంటింటికి చేర్చుగాక. పురిటికి వెళ్లిన ప్రతి యాడపడుచును పండంటి బిడ్డతో, చల్లని కడుపుతో ఇల్లు చేరుగాక.