గోడసంచి

తల్లిదండ్రులిరువురును ఉద్యోగములకు పోవు ఇండ్లలో ఉదయము 8 గంటలకు వినబడునది "నా మేజోళ్ళేవి?" అను కేకయే. బీరువాలు చాలక వచ్చిన చిక్కు కాదిది. వస్తువుండు చోటు పిల్లలకు అందకపోవుటచే వచ్చినది. కావున గోడసంచి కుట్టుకొనుడని మేము చెప్పుచున్నాము.

పాత నేతదుప్పటి దీనికి శ్రేష్ఠము. పలుమార్లు ఉతికినది గనుక ఇక ముడుచుకొనదు. గజము పొడవు, ముప్పాతిక గజము వెడల్పున రెండు పొరలుగా తీసికొని, పై అంచున వెదురుకర్ర దూరునట్లు మడచి కుట్టవలెను. జేబులకు పాత ప్యాంటు గుడ్డ మేలు. ప్రతి జేబును అందుంచు వస్తువుకంటె రెండంగుళములు వెడల్పుగా కత్తిరించి, ఆ అధికభాగమును అడుగున కుచ్చెళ్ళుగా పెట్టవలెను. చేయి పట్టని జేబును పిల్లలు తాకనే తాకరు! జేబునోటి మూలలే ముందు చినుగును; అచ్చట మూడు నాలుగు మారులు సూదిని వెనుకకు త్రిప్పి కుట్టవలెను.

పై వరుస పిల్లవాని కన్నెత్తును మించరాదు. మేకులు మాత్రము తలకు పైనుండునట్లు తాడు పొడుగుగా విడువవలెను. చదువురాని చిన్నవారికై జేబులపై రంగుదారముతో బొమ్మలు కుట్టవచ్చును. కత్తెర, మందులు ఇందుంచరాదు.

మిషను లేనివారు రాత్రికొక జేబు చొప్పున చేతితోనే కుట్టవచ్చును. తండ్రులకును ఈ పని రాకపోదు. మొదట మేజోళ్ళ జేబు కుట్టుడు.