మడమ నొప్పి: చికిత్స ఇంట్లో, హక్కు పనిచోట

(వరంగల్‌లో గృహిణులు, దుకాణ కార్మికుల కోసం ఏర్పాటైన ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడే వేదికపై మడమ నొప్పి ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. బస్తీలలో ఇంటింటికీ తిరిగినప్పుడు మేము పదే పదే విన్న మాటే ఇందుకు కారణం. ఫజర్ అజాన్ విని మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్లుంటుంది. నాలుగడుగులు నడిస్తే కొంత సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే బాధ. ఇలా చెప్పినవారిలో బండల మీద చెప్పులు లేకుండా రోజంతా వంటపని చేసే తల్లులున్నారు, బట్టల దుకాణాలలో రాత్రి దాకా నిలబడే యువతులున్నారు, ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలున్నారు. వీరిలో చాలామంది మాత్రలు మింగి ఊరుకుంటున్నారు, లేదా వయసు మీద పడిందని సరిపెట్టుకుంటున్నారు.

ఈ బాధకు అన్నిటికంటే సాధారణ కారణం ప్లాంటర్ ఫేషియైటిస్. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల వరకు అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. పాదపు వంపును నిలబెట్టేది అదే. గంటల తరబడి నిలబడటం, గట్టి నేల, పలుచని చెప్పులు, అధిక బరువు, బిగుసుకుపోయిన పిక్కలు కలిసి ఆ పట్టీని మడమ దగ్గర దెబ్బతీస్తాయి. రాత్రంతా కదలిక లేక అది బిగుసుకుంటుంది. అందుకే తొలి అడుగు అంత బాధిస్తుంది.

ఎక్స్‌రేలో ఎముక పెరిగిందని విని భయపడేవారు ఎందరో ఉన్నారు. అలాంటి ముల్లు ఏ నొప్పీ లేనివారిలోనూ కనిపిస్తుంది. నొప్పికి అదే కారణమనుకుని ఆపరేషన్‌కు తొందరపడనవసరం లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలపాటు ఉపశమనం ఇవ్వగలదు గాని, పదే పదే తీసుకుంటే ఆ పట్టీ తెగే ప్రమాదం, మడమ కింది మెత్తని కొవ్వు కరిగే ప్రమాదం ఉన్నాయి. ఆపరేషన్ లేకుండానే చాలామందికి ఏడాదిలోగా నయమవుతుంది. అయితే ఓపిక కావాలి, క్రమం తప్పని వ్యాయామం కావాలి.

ఫిజియోథెరపిస్టులు నేర్పే మూడు వ్యాయామాలను ఇక్కడ వివరిస్తాము. వీటికి పైసా ఖర్చు లేదు.

మొదటిది మంచం దిగకముందే చేయాలి. నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలిపై పెట్టి, కాలివేళ్లను చేతితో పట్టుకుని ముంగాలి వైపు వెనక్కి లాగాలి. అరికాలు బిగువుగా తెలియాలి. పది లెక్కించే వరకు అలాగే ఉంచి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి.

రెండవది పిక్కల కోసం. గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలిని వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ నేలకు ఆనించి ముందుకు వంగాలి. అర నిమిషం చొప్పున మూడుసార్లు చేయాలి.

మూడవది బలం కోసం. చుట్టిన తువ్వాలును మెట్టు అంచున పెట్టి, కాలివేళ్లను దానిపై ఉంచి, గోడ పట్టుకుని మడమను మూడు సెకన్లలో పైకెత్తాలి. రెండు సెకన్లు నిలిపి, మూడు సెకన్లలో దించాలి. మొదట రెండు కాళ్లతో, అలవాటయ్యాక ఒక కాలితో, రోజు విడిచి రోజు చేయాలి. డెన్మార్క్ పరిశోధకులు 2014లో ప్రకటించిన అధ్యయనంలో, మూడు నెలల నాటికి, కేవలం సాగదీసే వ్యాయామం చేసినవారికంటే ఈ పద్ధతి పాటించినవారు ఎక్కువ మెరుగయ్యారు.

ఇంట్లోనూ మెత్తని ఎంసీఆర్ చెప్పులు వేసుకోవాలి. వంటగదిలో ఒక స్టూలు ఉంచాలి. నొప్పి తీవ్రంగా ఉన్నవారు నమాజును కూర్చుని చేసుకునే వెసులుబాటు గురించి ఆలిములను అడగాలి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఒక హెచ్చరిక. మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవారు ఐసు కాపడం సొంతంగా పెట్టుకోరాదు. వాపు, జ్వరం, తిమ్మిరి, దెబ్బ తగిలిన తర్వాత వచ్చిన నొప్పి, విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి ఉంటే వైద్యుని వద్దకు వెళ్లాలి. చిన్న వయసులోనే రెండు మడమలు నొస్తూ ఉదయం నడుము కూడా బిగుసుకుపోతుంటే ఆలస్యం చేయరాదు.

ఇక హక్కు సంగతి. రోజుకు పది గంటలు నిలబెట్టే ఉద్యోగం ఉన్నంతకాలం ఉదయపు వ్యాయామం సగం చికిత్సే అవుతుంది. నిలబడి పనిచేసేవారికి, వీలున్నప్పుడు కూర్చునేందుకు ఆసనాలు ఉండాలని 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. కాని ఆజంజాహీ మిల్లు మూతపడిన ఈ నగరంలో మన పిల్లలకు దొరుకుతున్న పని దుకాణాలలో, గోదాములలో. ఫ్యాక్టరీల చట్టం అక్కడిదాకా రాలేదు.

కేరళలోని కోళికోడ్‌లో దర్జీ పని చేసే పి. విజి, ఆమె సహచరుల పెణ్‌కూట్టు సంఘం కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడాయి. 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. సాధించినవారు పెద్ద చదువుల వారు కారు. అమ్మకాల బల్ల వెనుక కాళ్లు నొచ్చినవారు.

కాబట్టి మేము మూడు విషయాలు కోరుతున్నాము. దుకాణ యజమానులలో మన సోదరులూ ఉన్నారు. చట్టం కోసం ఎదురుచూడక, రేపే వారు తమ దుకాణంలో నాలుగు స్టూళ్లు వేయాలి. ప్రభుత్వాసుపత్రికి వెళ్లినవారు మాత్రల చీటీతో తిరిగి రాక, ఫిజియోథెరపీకి పంపమని అడగాలి. కూర్చునే హక్కును మన రాష్ట్ర చట్టంలో స్పష్టంగా రాయాలని మనమందరం కలిసి వినతిపత్రం ఇవ్వాలి.

ఇంటికి వెళ్లాక అమ్మను ఒక్క మాట అడగండి: పొద్దున లేవగానే మడమ నొస్తున్నదా అని. ఆమె తనంతట తాను చెప్పదు. అవునంటే, ఈ రాత్రే ఆ మొదటి వ్యాయామం నేర్పండి.