పచ్చికుండలో నీరు



మా గ్రామ సహకార సంఘమువారు సభ్యుల యప్పుల లెక్కకై కంప్యూటరు ప్రోగ్రాము నొకటి క్రొత్తగా వ్రాయింపఁదలఁచి, ఆ విద్య నేర్చిన యువకుల నిరువురను బిలిపించిరి. వారు చేపట్టఁబోవు పనిముట్టు ఇంకను “బీటా” దశలో నున్నదని విని నేను అడ్డుప్రశ్న వేసితిని. అది యేలనో మీకును విన్నవింతును.

బీటా యనునది గ్రీకు వర్ణమాలలో రెండవ యక్షరము, మొదటిది ఆల్ఫా. కర్త తన యింటనే పరీక్షించుకొనునది ఆల్ఫా. పరుల చేతికిచ్చి తప్పులు చూపుఁడని వేఁడునది బీటా. అటుపిమ్మటిది “రిలీజ్ క్యాండిడేట్”, అనఁగా విడుదలకు నిలుచున్న యభ్యర్థి. ఈ మూఁడును ఆవములోఁ గాలని కుండలే. సంస్కృతమున ఆమఘట మందురు. అయితే పచ్చికుండ నీరు పోసిన కొంతసేపటికే కరఁగును. ఇది మాసములతరబడి చక్కఁగా నిలుచును. అందువలననే జనులు మోసపోవుదురు.

అమెరికాలోని మైక్రోసాఫ్టువారు 2015 నవంబరులో ఏఎస్పీ డాట్ నెట్ 5 అను పనిముట్టునకు మొదటి యభ్యర్థిని వెలువరించి, నిజమైన పనులకును వాడుకొనవచ్చునని సెలవిచ్చిరి. నమ్మినవారు దానిపైఁ గట్టుకొనిరి. 2016 జనవరిలో దాని పేరే మాఱి ఏఎస్పీ డాట్ నెట్ కోర్ 1.0 ఆయెను. మే నెలలో రెండవ యభ్యర్థి వచ్చునప్పటికి ప్రోగ్రామును నడపు ఆజ్ఞలు మాఱినవి, భాగముల పేర్లు మాఱినవి. వెనుకటి వ్రాఁతను దిద్దినఁగాని క్రొత్తదానిపై నడవదాయెను. జూన్ 27వ తేదీని అసలు విడుదల జరిగినది గాని, ప్రోగ్రామును కూర్చు సాధనములు మాత్రము అప్పటికిని పరీక్షదశలోనే యుండెను. అవి కుదుటఁబడినది 2017 మార్చిలో. అప్పుడు ప్రాజెక్ట్ జేసన్ అను క్రొత్త వివరపు దస్త్రము తొలఁగి, పాతపద్ధతి దస్త్రమే మరల వచ్చెను. సగము పొలము కొలిచిన పిదప గొలుసు పొడవు మార్చినట్లు గాదా?

మార్చినవారిని నేను నిందింపను. మార్చుకొనుటకే యా దశ. పరులు వాడి చెప్పనిదే తప్పులు బయటఁబడవు గదా! చిక్కెల్ల నడుమనున్న వానిది. కర్త వానికి ఏ మాటయు నీయలేదు. వాఁడు మాత్రము రైతునకు మాట యిచ్చును. రైతు బీటా యను మాటయే యెఱుఁగఁడు. అతఁడు కట్టిన వాయిదా లెక్కలోఁ బడకున్న వడ్డీ యెవరి తలపైఁ బడును? మఱియు దొంగలు చొరఁబడు సందు పాతకూర్పులోఁ గనఁబడిన, దానిని మూయు మందు తఱచు క్రొత్తకూర్పులోనే దొరకును. దానిం గొన్నచోఁ దక్కిన మార్పుల నన్నిటిని నెత్తికెత్తుకొనవలె. కొననిచోఁ దలుపు తెఱచియుండును.

“పాతది నేర్చిన మేము వెనుకఁబడమా, అయ్యవారూ?” అని యువకు లడిగిరి. ఆ మాటయు నిజమే. కావున సంఘపు లెక్క స్థిరపడిన కూర్పుతో వ్రాయుటకును, బీటాను వేఱొక కంప్యూటరులోఁ గల్పిత నామములతోఁ బరీక్షించుకొనుటకును ఒప్పుకొంటిమి. మొదటి సంవత్సరము చేతివ్రాఁత పేరేడును సాగును. ఒప్పందమున ప్రతి పనిముట్టు పేరును, కూర్పు సంఖ్యయు వ్రాయించితిమి. సంఖ్యల ప్రక్క బీటా, ప్రివ్యూ అను మాటలు లేవని చూచుకొనిన పిదపనే కార్యదర్శి చేవ్రాలు చేసెను.