రెండక్షరముల మాటలు



ఇన్ని అక్షరములు, నడుమ ఫలానా అక్షరము అని మాటను వెదకు ఆట ఆంగ్లమున బహుళప్రచారము గలది. 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డు పత్రికలో ఆర్థరు విన్ ప్రకటించిన గళ్ళ ప్రహేళికతో అది లోకమంతట ప్రాకెను. తెలుగున శ్రీశ్రీ దానిని పదబంధ ప్రహేళిక యనియు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అనియు పిలిచిరి.

తెలుగువారికిది బొత్తిగా క్రొత్త కాదు. 16వ శతాబ్దిలో మరింగంటి సింగరాచార్యులు పెదవులు తాకు అక్షరములను విడిచి కావ్యమే రచించెను. దాని పేరు దశరథరాజనందన చరిత్ర. పలికి చూడుడు, పెదవి పెదవిని తాకదు. రాముడన్నచో మకారము అడ్డువచ్చును!

అయితే అక్షరమనగా రెండు భాషలలో ఒకటి కాదు. తొర్రూరు పేరు ఆంగ్లమున ఏడక్షరములు, తెలుగున మూడే. హల్లు, ఒత్తు, గుణింతము కలిసి ఒక్క గడిలో ఇముడును. స్త్రీ అను మాటకు ఒక గడి చాలును.

రెండవ అక్షరము రకారద్విత్వమైన రెండక్షరముల మాటలను వెదకుడు, గుణింతమేదైనను సరే. బర్రె, గొర్రె, కర్ర, గొర్రు, కొర్ర, అర్ర. సేద్యగాని ఇల్లంతయు అందు వచ్చినది! నిఘంటువు మొదటి అక్షరపు వరుసనే నడచును గనుక ఇచట అక్కరకు రాదు. గొర్రు పట్టిన చేతికే ఆ మాట ముందు తోచును. అర్రను రూము ఇప్పటికే చాలవరకు త్రోసివేసినది. ఆ మాట వినని పిల్లవానికి ఆ గడి ఖాళీయే.

గ్రంథాలయపు నల్లబల్లపై వారమునకొక అక్షరము వ్రాసి, అది గల మాటలను పెద్దలనడిగి పిల్లలచే వ్రాయింపవచ్చును. మొదటి వారమునకు ‘ర్ర’ చాలును.