అరకులో రూమ్ బుక్ చేసే ముందు మ్యాప్ ఒక్కసారి తెరవండి

ఒక తమ్ముడు పంపిన మెసేజ్ ఉన్నది ఉన్నట్టు చదువుతాను. "అన్నా, డిసెంబర్‌లో ఐదుగురం అరకు వెళ్తున్నాం. అరకులోనే రూమ్ తీసుకున్నాం. పొద్దున్నే వంజంగి మేఘాలు, టిఫిన్ టైమ్‌కి లంబసింగి మంచు, మధ్యాహ్నం బొర్రా గుహలు, రాత్రికి వైజాగ్. ప్లాన్ ఓకేనా?"

తమ్ముడూ, ఓకే కాదు. తప్పు నీది కూడా కాదులే. రీల్స్ అన్నిటి కిందా "అరకు" అనే ట్యాగ్ ఉంటుంది. హోటల్ యాప్‌లో అరకు అని కొడితే అనంతగిరి రూమ్, పాడేరు టెంట్, లంబసింగి కాటేజీ అన్నీ ఒకే లిస్టులో వస్తాయి. చూసేవాడికి అంతా ఒకే ఊరు, పక్కపక్క వీధులు అనిపిస్తుంది. కింద నేల మాత్రం అలా లేదు. కాబట్టి ఇవాళ రూమ్ ఎక్కడ చవక అనేది కాదు, రూమ్ ఎక్కడ తీసుకుంటే ఏం కనపడుతుంది, ఆ రూమ్ ఎవరి నేల మీద ఉంది అనే రెండు విషయాలు మాట్లాడుకుందాం.

ముందు మ్యాప్. వైజాగ్‌లో బీచ్‌కి వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా, కాస్త మైదానం దాటాక, తూర్పు కనుమలు గోడలా లేస్తాయి. ఆ గోడ ఎక్కితే పైన కొండలు, వాటి మధ్య ఎత్తు మీదే ఉన్న లోయలు. అరకు లోయ అంటే సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయ. లోయ అనగానే ఎక్కడో కింద ఉంటుందనుకుంటాం కదా, ఇది పైన ఉన్న లోయ. చుట్టూ ఉన్న కొండల్లో కొన్ని 1,500 మీటర్లు దాటతాయి.

ఈ గోడ ఎక్కడానికి వైజాగ్ వైపు నుంచి మనవాళ్లు వాడే ఘాట్ రోడ్లు ముఖ్యంగా మూడు. ఒకటి శృంగవరపుకోట, టైడా, అనంతగిరి మీదుగా అరకు, సుమారు 115 కిలోమీటర్లు. రెండోది చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు. మూడోది నర్సీపట్నం మీదుగా లంబసింగి, చింతపల్లి. మూడు నిచ్చెనలు అనుకోండి. ఒక నిచ్చెన ఎక్కాక పైన అడ్డంగా ఇంకో నిచ్చెన దగ్గరికి వెళ్లొచ్చు, రోడ్డు ఉంది. కానీ అరకు నుంచి పాడేరు సుమారు 45 కిలోమీటర్లు, పాడేరు నుంచి లంబసింగి ఇంకా అంతకంటే ఎక్కువ. హైవే కిలోమీటరు వేరు, కొండ కిలోమీటరు వేరు. పొగమంచులో ముందు బండి టెయిల్ లైట్ చూసుకుంటూ నడిపితే గంటకి పాతిక, ముప్పై దాటదు. బొర్రా గుహలేమో అరకుకి ఇటువైపు, వైజాగ్ దారిలో, 35 కిలోమీటర్ల పైనే. అంటే మన తమ్ముడు ఒకే పగట్లో ఆ చివరికి వెళ్లి, ఈ చివరికి వచ్చి, కొండ దిగాలి. చూసేదల్లా కారు అద్దమే.

ఇంకో సరదా విషయం, నాకు చాలా ఇష్టమైనది. బొర్రా దగ్గర పుట్టే గోస్తనీ నది తూర్పుకి దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే కొండల్లో మాడుగుల వైపు పుట్టే మాచ్‌ఖండ్ మాత్రం సముద్రానికి వీపు తిప్పి ఒడిశా వైపు పోతుంది. సీలేరు, శబరి అని పేర్లు మార్చుకుంటూ చివరికి గోదావరిలో పడుతుంది. రెండూ బంగాళాఖాతానికే చేరతాయి, కానీ ఒకటి డైరెక్ట్ బస్సు, ఇంకోటి ఊళ్లన్నీ తిరిగే పాసింజర్.

ఇప్పుడు అసలు పాయింట్, మేఘాలు. వంజంగి కొండ మీద నిలబడితే కింద తెల్లటి సముద్రం, మధ్యలో కొండల తలలు దీవుల్లా కనిపించే వీడియో మీరందరూ చూసే ఉంటారు. అది ఎలా వస్తుందో తెలిస్తే రూమ్ ఎక్కడ తీసుకోవాలో మీకే అర్థమవుతుంది. చలికాలం రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలని ఆనుకున్న గాలి చల్లబడుతుంది. చల్లగాలి బరువు కదా, నీళ్లలాగే వాలు వెంబడి జారి లోయ అడుగున చేరుతుంది. అందులోని తేమ సన్నటి బొట్లు అవుతుంది, అదే పొగమంచు. దాని పైన కొంచెం వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది, కాబట్టి మంచు పైకి లేవదు. మనం "మేఘాల సముద్రం" అని పెట్టే రీల్స్‌లో ఎక్కువ భాగం ఇలా లోయలో పట్టిన మంచే, పైనుంచి చూస్తున్నాం అంతే. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే మూత తెరుచుకుని చెదిరిపోతుంది.

మరి లోయ అడుగున ఉన్న హోటల్లో పడుకున్నవాడికి పొద్దున్నే ఏం కనపడుతుంది? ఏమీ కనపడదు. వాడు ఆ సముద్రం లోపల ఉన్నాడు. బాల్కనీలోకి వస్తే ఎదుటి చెట్టు కూడా తెలియదు. "వ్యూ అని డబ్బులు తీసుకుని మోసం చేశారు" అని రివ్యూ రాస్తాడు పాపం. వ్యూ మధ్యాహ్నం ఉంటుంది బాబూ, పొద్దున ఆరింటికి కాదు.

కాబట్టి వంజంగి కోసమే వెళ్తుంటే పాడేరులో పడుకోండి. అక్కడి నుంచి కొండ పాదానికి పది కిలోమీటర్లు కూడా ఉండదు, తర్వాత నడక. అరకులో పడుకుని వెళ్లాలంటే లెక్క వేసుకోండి: డిసెంబర్‌లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, నడక గంట, ఘాట్ రోడ్డు గంటన్నర పైనే, అంటే మూడున్నరకల్లా బండి కదలాలి. అది కూడా నిద్ర కళ్లతో డ్రైవింగ్. ఒక చిన్న చిట్కా. ముందురోజు రాత్రి బయటికి వచ్చి తలెత్తి చూడండి. నక్షత్రాలు తేటగా కనపడుతూ, గాలి లేకుండా ఉంటే మంచు బాగా పట్టే అవకాశం ఎక్కువ. మబ్బు కమ్మి ఉంటే అలారం ఆపేసి పడుకోండి.

అరకు టౌన్ ఎవరికి బాగుంటుందంటే అమ్మానాన్నతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి. గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, చాపరాయి అన్నీ దగ్గర్లోనే. టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, ప్రైవేటు లాడ్జీలు చాలా ఉన్నాయి, ఆసుపత్రి, మందుల షాపు, ఏటీఎం ఉంటాయి. అనంతగిరి వేరే రకం. అరకు టౌన్ కంటే ఎత్తు, చుట్టూ కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు, సాయంత్రం ఏడు దాటితే నిశ్శబ్దం. బొర్రా దగ్గర. ఇద్దరే వెళ్లి ఊరికే కూర్చోవాలనుకుంటే నా ఓటు దీనికే. టైడా ఇంకా కింద, అడవిలో, పక్షులు చూసేవాళ్ల చోటు. చలి అక్కడ అంత ఉండదు.

లంబసింగి గురించి ఒక్క మాట. దాన్ని అక్కడివాళ్లు కొర్రబయలు అంటారు. బయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరు. "ఆంధ్రా కశ్మీర్" అని చూసి స్నోఫాల్ అనుకుని వెళ్లకండి. కొన్ని శీతాకాలాల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వెళ్తుంది, గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. అంతవరకే. దానికి వెళ్తే నర్సీపట్నం దారిలో విడిగా వెళ్లండి, అరకు ట్రిప్‌లో ఇరికించకండి.

సరే, ఇప్పుడు టెంట్లు. పోయిన చలికాలం పాడేరు వైపు ఒక కొండ దిగువన టెంట్‌లో ఉన్నాను. పేరు చెప్పను, యాప్‌లో బుక్ చేశాను, మనిషికి 1,200. శనివారం, ఇరవై టెంట్ల దాకా ఉన్నాయి. అంతమందికీ రేకుల బాత్రూమ్ ఒక్కటే. రాత్రి పన్నెండు దాకా స్పీకర్లు. పొద్దున టీ ఇచ్చినాయన యాభై ఏళ్లవాడు, ఆ ఊరి గిరిజన రైతు. మీ టెంట్లు బాగున్నాయి అన్నయ్యా అన్నాను మాట కలుపుదామని. "టెంట్లు మావి కాదు సార్. నేల మాది" అన్నాడు.

అక్కడ మొదలైంది. టెంట్లు కింద నుంచి వచ్చిన ఒక ఆపరేటర్‌వి. బుకింగ్ డబ్బులన్నీ ఆయనకే. నిండిన ఒక్కో టెంట్‌కి రాత్రికి వంద ఈయనకి. నలుగురం పడుకున్న మా టెంట్‌కి మేం కట్టింది 4,800 అని నేను చెప్పలేదు, నోరు రాలేదు. సోమవారం సీసాలు, ప్లేట్లు ఏరేది ఈయన, వాళ్లావిడ. ఇంకో బాధ చెప్పాడు. ఏజెన్సీలో కాఫీ పళ్లు కోసేది నవంబర్ నుంచి. టూరిస్టులు ఎగబడేదీ అప్పుడే. కాఫీ ఆరబెట్టే కళ్లం మీద మా కార్లు పెట్టాం. శని, ఆదివారాలు గింజల్ని ఎత్తి లోపల కుప్ప పోస్తున్నాడు. సరిగ్గా ఆరని గింజకి బూజు పడుతుంది, రేటు పడిపోతుంది. కాగితం ఏమైనా రాసుకున్నారా అంటే "మాటే సార్" అన్నాడు.

కాగితం ఎందుకు లేదో తర్వాత చదివితే అర్థమైంది. ఈ ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా. ఇక్కడ 1/70 చట్టం అని అందరూ పిలిచేది ఒకటి ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణ. దాని ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని గిరిజనేతరులకి బదలాయించడం చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, లీజు కూడా అందులోకే వస్తాయి. అంటే సిటీ నుంచి వచ్చినవాళ్లు లీజు అని కాగితం రాసుకున్నా నిలబడదు. అందుకే కాగితం ఉండదు, నోటిమాట ఉంటుంది. రైతుని కాపాడటానికి పెట్టిన చట్టం, దాన్ని దాటేసే ఒప్పందంలో అదే రైతు చేతిలో ఏమీ లేకుండా మిగిలాడు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు విని ఉంటారు, గిరిజన భూముల్లో మైనింగ్ లీజుల మీద దేశమంతా చెప్పుకునే తీర్పు. ఆ కేసు మొదలైంది ఎక్కడో కాదు, మనం సెల్ఫీలు దిగే అనంతగిరి మండలం, బొర్రా చుట్టుపక్కల ఊళ్ల నుంచే.

అలాగని టెంట్లన్నీ దొంగవి అనట్లేదు. నేల, టెంట్లు రెండూ సొంతమైన ఊరి కుర్రాళ్లు నడిపేవి ఉన్నాయి. ఆ ట్రిప్‌లోనే రెండో రాత్రి ఒక ఇంట్లో ఉన్నాం. సిమెంటు గచ్చు, ఒక కిటికీ, కట్టెల పొయ్యి మీద కాచిన బకెట్ నీళ్లు. పొద్దున చోడి అంబలి, రాత్రి నాటుకోడి, అన్నం. మనిషికి 700. డబ్బులు వాళ్లబ్బాయి ఫోన్‌కే కొట్టాం. వైఫై లేదు, గీజర్ లేదు. వాళ్ల నానమ్మ మా కోసం ఇంకో రెండు దుప్పట్లు తెచ్చి మీద కప్పి వెళ్లింది.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగండి, మొహమాటం వద్దు. నేల ఎవరిది, టెంట్ ఎవరిది? యూపీఐలో ఏ పేరు వస్తుంది? పేరు ఒక్కటే సాక్ష్యం కాదు, కానీ ఎదుటివాడు ఈ ప్రశ్నకి తడబడితే మీకే తెలిసిపోతుంది. ఎన్ని టెంట్లకి ఎన్ని బాత్రూములు, ఆడవాళ్లకి విడిగా ఉందా, రాత్రి లైటు ఉంటుందా? కారు ఎక్కడ పెట్టాలి? కళ్లం మీద అంటే రోడ్డు పక్కన పెట్టి నడవండి, కాళ్లేం అరిగిపోవు.

మళ్లీ మన తమ్ముడి ప్లాన్. రెండు రాత్రులు ఉంటే ఇలా చెయ్యి. వైజాగ్‌లో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజర్ ఎక్కు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకి దింపడానికి వేసిన లైను అది, యాభైకి పైగా సొరంగాలు ఉంటాయి. బొర్రాలో దిగి గుహలు చూసి, జీపులో అనంతగిరి మీదుగా అరకు. ఆ రాత్రి అక్కడ. రెండో రోజు చాపరాయి చూసుకుంటూ పాడేరు, రాత్రి అక్కడే. మూడో రోజు చీకటితో వంజంగి, దిగాక మాడుగుల ఘాట్ మీదుగా కిందికి. ఎక్కిన నిచ్చెన ఒకటి, దిగేది ఒకటి, తిప్పి తిప్పి అదే రోడ్డు లేదు. అరకు రూమ్ రెండో రాత్రి క్యాన్సిల్ చేసుకో, ఇంకా టైమ్ ఉంది. పైన చాలాచోట్ల సిగ్నల్ పోతుంది, నోట్లు పెట్టుకుని వెళ్లు. చిల్లర కూడా.

లంబసింగి నుంచి చింతపల్లి, సీలేరు రూట్ మీద విడిగా ఎపిసోడ్ చేస్తున్నాను. ఆ దారిలో బస్సులో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే టైమింగ్స్ పంపండి, బైక్ వాళ్లవి నా దగ్గర ఉన్నాయి. ఉంటాను.