కిలో లెక్క, గుత్త లెక్క, ఆసుపత్రి లెక్క

(ఆరోగ్యశ్రీ మీద జరిగిన మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి ముందు మేం వాడవాడా తిరిగి ఒక్కటే అడిగినం. జబ్బు చేస్తే ఎక్కడికి పోతున్నరు, ఎంత ఖర్చయితున్నది? అందరూ చెప్పింది దాదాపు ఒకటే మాట. "కార్డు ఉన్నది సార్, అయినా పైసలైనయి." కార్డు ఉండంగ పైసలెందుకయితున్నయి? ఒక ఆసుపత్రి మనల్ని బండి పెట్టి తీసుకపోతుంటే, ఇంకో ఆసుపత్రి బెడ్లు లేవని గేటు కాడనే ఎందుకు తిప్పి పంపుతున్నది? ఇది డాక్టరు మంచోడా చెడ్డోడా అన్న ముచ్చట కాదు. పైసలు ఏ దారిన వస్తే ఆసుపత్రి ఆ దారికే తన నడక మార్చుకుంటది. ఆ లెక్క మనకు తెలియాలె.

కూలి లెక్కలు మనకు కొత్త కాదు. పత్తి ఏరితే కిలోకింత. నాట్లేస్తే ఎకరానికింత అని గుత్త. దొర కాడ ఉంటే ఏడాదికింత జీతం. కిలో లెక్కల ఎంత ఎక్కువ ఏరితే అన్ని పైసలు. గుత్త పట్టినమంటే ఎంత జల్దిన ముగిస్తే అంత లాభం, సులువైన మడి దొరకాలని చూస్తం. జీతమైతే పని పెరిగినా తరిగినా అదే జీతం. ఆసుపత్రులు కూడా ఈ మూడు లెక్కల మీదనే నడుస్తయి.

ప్రైవేటు ఆసుపత్రిది మొదటి నుంచి కిలో లెక్క. పరీక్షకింత, సీసాకింత, మంచానికి రోజుకింత. ఎన్ని పరీక్షలు రాస్తే అంత బిల్లు. ఆ బిల్లులకు భూములమ్మినోళ్ళు, మెడల పుస్తెలు కుదువబెట్టినోళ్ళు మన వాడల్లో ఎందరో ఉన్నరు. సర్కారు ఆసుపత్రిది జీతం లెక్క.

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చింది. మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో, 2008 నాటికి రాష్ట్రమంతటా. తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. ఇక్కడ లెక్క మారింది. బిల్లు పోయి ప్యాకేజీ వచ్చింది. ఈ ఆపరేషన్‌కు ఇంత అని ముందే ఖరారు. అంటే గుత్త! చేరిన కాడికెళ్ళి ఇంటికి పోయేదాకా పరీక్షలు, మందులు, తిండి, చార్జీలు, ఇంటికి పోయినంక 10 రోజుల మందులు, అన్నీ ఆ గుత్తలోనివే.

మేలు జరగలేదా అంటే జరిగింది. గుండెకు రంధ్రమున్న పసిపిల్లలు బతికిండ్రు. క్యాన్సర్ వచ్చిన తల్లులకు వైద్యం అందింది. కాదంటే అబద్ధం చెప్పినట్టే.

కానీ గుత్త పట్టినోడు గుత్త పట్టినట్టే నడుస్తడు. లాభమున్న ఆపరేషన్ల కోసం క్యాంపులంటూ ఊళ్ళకొచ్చిండ్రు. ఏనాడూ డాక్టరు అడుగుపెట్టని వాడకు వ్యానొచ్చింది. చిన్న వయసు ఆడబిడ్డలకు అవసరం లేకున్నా గర్భసంచులు తీసిండ్రు. గగ్గోలు పుట్టినంక, 2011లో 133 చికిత్సల్ని సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేసిండ్రు. గర్భసంచి ఆపరేషన్ అందులో ఒకటి. రేటు మారితే కత్తి ఎట్ల మారుతదో ఇందులోనే తెలుస్తున్నది.

రేటు గిట్టని కాడ ఏం చేస్తరు? బెడ్డు లేదంటరు. అనుమతి రాకముందే పరీక్షలకు మన చేతి పైసలు గుంజుతరు. కుట్లు మానకముందే ఇంటికి పొమ్మంటరు. సర్కారు బకాయి పెడితే సేవలే బందు పెడతరు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే జరిగింది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకు పెరిగింది. మంచిదే. కానీ కాగితం మీద పది లక్షలున్నా, ఆసుపత్రికి బాకీ తీరకపోతే గేటు కాడ నిలబడేది మనమే.

ఇంకో సంగతి. ఖర్చు తగ్గించాలంటే ఆసుపత్రికి మొదట కనబడేది ఊడ్చేటోళ్ళ కూలి. ఊడ్చే పని కాంట్రాక్టుకు పోయింది, సర్కారు ఆసుపత్రుల్లోనూ పోయింది. చీపురు పట్టింది ఎవరు? మన అక్కలే. నెత్తురు గుడ్డలు ఎత్తేది వాళ్ళు, నెలల తరబడి జీతం రాక ఎదురుచూసేదీ వాళ్ళే.

అసలు కిటుకు వేరే ఉన్నది, జాగ్రత్తగా వినుండ్రి. గుత్త పైసలు మంచమెక్కినంకనే పుడతయి. కిడ్నీలు చెడినంక డయాలసిస్‌కు కార్డు పనికొస్తది. ఆ కిడ్నీ చెడకుండ కాపాడే బీపీ గోలీ, షుగరు గోలీ ఊరి కాడ దొరకాలె. అవి ఇయ్యాల్సింది సబ్ సెంటరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ గోలీ లేకుంటే, నర్సమ్మ పోస్టు ఖాళీగుంటే, ఏ ప్యాకేజీ అక్కరకొస్తది? పైసలు కట్టలేడన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగొద్దని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. వైద్యం ఊరి నుంచే మొదలు కావాలన్నది.

మరి మనమేం చెయ్యాలె?

ఒకటి: కార్డు కింద చేరినోళ్ళు చేతి పైసలు ఇయ్యొద్దు. అడిగితే రసీదు అడుగుండ్రి. ఆరోగ్యమిత్రను పిలువుండ్రి, 104కు ఫోన్ చెయ్యుండ్రి.

రెండు: చికిత్స సర్కారు ఆసుపత్రిలో దొరికేదైతే అక్కడికే పోదాం, కార్డు కింద రాయించుకుందాం. రాస్తే ఆ ప్యాకేజీ సొమ్ము ఆ ఆసుపత్రికే వస్తది. కొంత దాని బాగుకు, కొంత చికిత్స చేసిన సిబ్బందికి. రాయకుంటే మన ఆసుపత్రే నష్టపోతది.

మూడు: వాడకో నోటుబుక్కు. తారీఖు, ఆసుపత్రి, జబ్బు, ఎంత గుంజిండ్రు, ఆరోగ్య కేంద్రంలో ఏ గోలీ లేదు, అన్నీ రాయుండ్రి. చదువుకున్న మన పిల్లలు రాస్తరు. నోటి మాటను అధికారి కొట్టిపారేస్తడు, ఇరవై వాడల నోటుబుక్కులు బల్ల మీద పెడితే కొట్టిపారెయ్యలేడు.

నాలుగు: ప్యాకేజీలో ఏమేం కలిసి ఉన్నయో ప్రతి ఆసుపత్రి గేటు కాడ పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలని, ఊడ్చే అక్కలకు నెలనెలా జీతమియ్యాలని, ఆరోగ్య కేంద్రాల్లో ఖాళీలు నింపాలని కలెక్టరుకు అర్జీ పెడదాం.

మన కూలి గుత్తలో ఎకరం తక్కువ కొలిస్తే ఊకుంటమా? గట్టు మీద నిలబడి మళ్ళీ కొలిపిస్తం. ఇదీ అంతే. ఈ కార్డు ఎవరి దయా కాదు. మనం కొనే సబ్బు బిళ్ళ మీద ఇన్నేండ్లుగా కట్టిన పన్ను అది. కొలత మన చేతిలో ఉండాలె.

జైభీం!